మన్యం చెట్ల మధ్య హాసెల్‌బ్లాడ్ ఎక్స్‌పాన్: మూడు శీతకాలాల వాడకం తర్వాత

లంబసింగి దగ్గర చెరువులవేనం కొండ మీదికి డిసెంబరు తెల్లవారుజామున ఎక్కినవాళ్లందరూ లోయలో పరుచుకున్న మేఘాల వైపు తిరిగి నిలబడతారు. ఆ దృశ్యం గొప్పదే, దాన్ని పట్టుకోవడానికి చేతిలోని ఫోను చాలు. నేను చెప్పబోయేది దాని వెనక ఉన్న దృశ్యం గురించి. కొండ దిగి, చింతపల్లి దారిలో ఏ కాఫీ తోటలోకైనా రైతును అడిగి యాభై అడుగులు లోపలికి నడిస్తే, అక్కడ ఆకాశం కనపడదు, కనుచూపు మేర అన్న మాటకు అర్థం ఉండదు. బారులు తీరిన సిల్వర్ ఓక్ మానులు, వాటిని చుట్టుకుని ఎగబాకిన మిరియాల తీగలు, కింద ఎర్రబడిన పళ్లతో కాఫీ మొక్కలు, వీటన్నిటి మధ్య కదలకుండా నిలిచిపోయిన పొగమంచు ఉంటాయి. ఇంత దగ్గరగా, ఇంత ఇరుకుగా ఉండే చెట్ల లోకాన్ని ఫిల్ము మీద తీయడానికి మూడు శీతకాలాలుగా నేను వాడుతున్న కెమెరా హాసెల్‌బ్లాడ్ ఎక్స్‌పాన్. విశాలమైన దృశ్యాల కోసమే ఇది తయారైందని చాలామంది అనుకుంటారు గాని, దీని అసలు సత్తా దిగంతం కనిపించని చోటే బయటపడుతుందని నాకు గట్టిగా అనిపించింది.

సిల్వర్ ఓక్ ఆస్ట్రేలియా నుంచి వచ్చిన చెట్టు, కాఫీకి నీడ కోసం నాటినది. కాబట్టి ఆ తోటలను సహజమైన అడవి అనలేము. అసలైన అడవిలో ఈ కెమెరా ఎలా ఉంటుందో చూడటానికి వానాకాలం చివర్లో మారేడుమిల్లి వెదురు పొదల్లోకీ గెడ్డల పక్కకీ కూడా దీన్ని తీసుకువెళ్లాను, ఆ సంగతి తరవాత చెబుతాను.

ఎక్స్‌పాన్ 1998లో వచ్చింది. పేరు స్వీడన్ కంపెనీదే అయినా దీన్ని జపాన్‌కు చెందిన ఫుజీఫిల్మ్‌తో కలిసి రూపొందించారు. జపానులో ఇదే కెమెరా ఫుజీఫిల్మ్ టీఎక్స్-1 అనే పేరుతో అమ్ముడైంది. మామూలు 35 మి.మీ. రోలునే ఇందులో వేస్తాం గాని, ఫ్రేము 24 మి.మీ. ఎత్తు, 65 మి.మీ. వెడల్పు ఉంటుంది, అంటే ఎత్తుకు దాదాపు రెండు ముప్పావు రెట్ల వెడల్పన్న మాట. 1990లలో చాలా చిన్న కెమెరాల మీద పనోరమా అనే మీట ఉండేది. అది మామూలు ఫ్రేముకు పైనా కిందా మూత వేసి సన్నగా చూపించేది, అంతే. ఎక్స్‌పాన్ అలా కాక, ఫిల్మును నిజంగానే మరింత పొడుగున వాడుకుంటుంది. 36 బొమ్మల రోలులో 21 పనోరమాలు వస్తాయి. రోలు మధ్యలో కావాలనుకుంటే ఒక చక్రం తిప్పి మామూలు 24 × 36 ఫ్రేముకు మారవచ్చు. మూడేళ్లలో నేను ఆ చక్రాన్ని తిప్పింది చాలా తక్కువ.

చెట్ల మధ్య పొడవాటి ఫ్రేము ఎందుకు అన్న ప్రశ్నకు నా జవాబు తోలుబొమ్మలాట తెరలో ఉంది. ఆ తెర ఎత్తు తక్కువ, వెడల్పు ఎక్కువ. వెనక నుంచి వెలుగు వస్తుంటే బొమ్మలు ఒకదాని పక్కన ఒకటి నిలబడతాయి, చూసేవాడి కన్ను ఈ చివర నుంచి ఆ చివరకు నడుస్తూ కథను అందుకుంటుంది. పొగమంచులో చెట్ల వరస సరిగ్గా అలాగే ఉంటుంది. దగ్గరి మాను నల్లగా, దాని వెనకది బూడిద రంగులో, ఇంకా వెనకది ఉందా లేదా అన్నట్టుగా కనిపిస్తాయి. మామూలు ఫ్రేములో పైన ఆకుల గందరగోళం, కింద నేల మీది చెత్త అనివార్యంగా చోటు అడుగుతాయి. 24 × 65 ఫ్రేము ఆ రెంటినీ తీసేసి మానులను, వాటి మధ్య ఖాళీలను మాత్రమే మిగులుస్తుంది. ఆ ఖాళీలు ఎక్కడ పెద్దవి, ఎక్కడ చిన్నవి, ఏ మాను ఒరిగింది అన్నదే అప్పుడు బొమ్మ మొత్తానికి లయ అవుతుంది.

ఈ రకమైన చూపు కొత్తదేమీ కాదు. మొదటి ప్రపంచ యుద్ధంలో కుడిచెయ్యి పోగొట్టుకున్న చెక్ ఫొటోగ్రాఫర్ యోసెఫ్ సుడెక్ ఒక పాత కోడక్ పనోరమిక్ కెమెరాతో ప్రాగ్ నగరాన్నీ దాని పరిసరాలనూ తీశాడు, బెస్కిడ్ కొండల్లోని మియోన్షీ అడవిలో మోడువారిన చెట్లను ఏళ్ల తరబడి తీశాడు. అమెరికాలో ఎలియట్ పోర్టర్ కొండలనూ లోయలనూ పక్కనబెట్టి ఆకులు, బెరడు, నీటిలో రాళ్ల వైపు రంగుల ఫిల్ము తిప్పాడు. 1979లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఆయన ప్రదర్శన ‘ఇంటిమేట్ ల్యాండ్‌స్కేప్స్’ పేరుతోనే జరిగింది. వాళ్లిద్దరి బొమ్మలు చూసిన తరవాతే నాకు చెట్ల లోపలికి వెళ్లాలనిపించింది.

ఇక లెన్సుల సంగతి. ఈ కెమెరాకు మూడే లెన్సులు ఉన్నాయి: 30, 45, 90 మి.మీ. అందరూ కెమెరాతో పాటు తీసుకునేది 45. దాని వెడల్పు చూపు 72 డిగ్రీల దాకా ఉంటుంది, మామూలు 35 మి.మీ. కెమెరా మీద 25 మి.మీ. లెన్సుతో సమానం. నేనూ మొదటి శీతకాలమంతా దానితోనే తీశాను, ఇరవైకి పైగా రోళ్లు పూర్తిచేశాను, వాటిలో గోడకు తగిలించదగ్గవి నాలుగు కూడా లేవు. తప్పు లెన్సుది కాదు. అంత వెడల్పున చెట్ల మధ్య చూస్తే ఏదో ఒక మూల పనికిరాని కొమ్మో, తెల్లగా కాలిపోయిన ఆకాశపు తునకో చొరబడుతుంది, దూరపు మానులు అగ్గిపుల్లల్లా చిన్నబోతాయి. రెండో శీతకాలానికి 90 కొన్నాను. దాని చూపు 40 డిగ్రీలు, మామూలు 50 మి.మీ. లెన్సుకు దగ్గర. మానులు వాటి అసలు లావులో, ఒకదానికొకటి దగ్గరగా, తెర మీద బొమ్మల్లా నిలబడ్డాయి. ఈ పనికి ఎక్స్‌పాన్ కొనాలనుకునేవారికి నేను మొదట చెప్పే మాట ఇదే: డబ్బు ఒక్క లెన్సుకే సరిపోతే 90 తీసుకోండి. 30 నా దగ్గర లేదు, చెట్ల మధ్య దాని అవసరం నాకు కలగలేదు.

అయితే 90తో లోతు స్పష్టతకు బాగా ఇబ్బంది పడాలి. లెన్సు రంధ్రాన్ని బాగా చిన్నది చేసే ఎఫ్16 దగ్గర పెట్టి మూడు మీటర్ల దూరంలో ఫోకస్ చేస్తే, ముందూ వెనకా కలిపి సుమారు ఒక మీటరే స్పష్టంగా వస్తుంది. అదే ఎఫ్16, అదే దూరంలో 45 అయితే రెండు మీటర్లకు లోపల నుంచి పది మీటర్ల వరకు స్పష్టత ఇస్తుంది. అందుకే 90తో తీసేటప్పుడు ముందున్న పొదను వదిలేసి, ఏడెనిమిది మీటర్ల అవతల వరసలో ఉన్న మానులను ఎంచుకుంటాను. పొగమంచు వెనకవాటిని ఎలాగూ మెత్తబరుస్తుంది గనుక అక్కడ స్పష్టత తగ్గినా లోపంగా అనిపించదు.

ఎక్స్‌పాన్ రేంజ్‌ఫైండర్ కెమెరా. అంటే లెన్సులోంచి కాక, దాని పైన పక్కగా ఉన్న వేరే కిటికీలోంచి చూస్తాం. మధ్యలో కనిపించే రెండు బొమ్మలను ఒకటిగా కలిపితే ఫోకస్ కుదురుతుంది. నిలువు అంచులు ఉన్న వస్తువు మీద ఇది తేలిక కాబట్టి చెట్టు మాను దీనికి చక్కగా సరిపోతుంది. కాని వరసగా నాటిన తోటలో మానులన్నీ ఒకే లావున ఉంటాయి. ఒక మాను బొమ్మను పక్క మాను బొమ్మతో కలిపేసి ఫోకస్ కుదిరిందని నమ్మిన సందర్భాలు నాకు చాలా ఉన్నాయి. ఇప్పుడు బెరడు మీద ఒక తెల్ల మచ్చనో, తీగ చుట్టిన చోటునో గుర్తుపెట్టుకుని దాని మీదే కలుపుతాను, ఆ తరవాత లెన్సు మీద దూరం అంకె చూసి అది కంటికి తోచిన దూరంతో సరిపోలిందా అని మరోసారి చూసుకుంటాను.

దీనికంటే లోతైన చిక్కు ఒకటుంది. చెట్లను తీయడంలో ప్రాణమంతా ఒక మానుకూ మరో మానుకూ మధ్య కనిపించే ఖాళీలోనే ఉంది. కిటికీ లెన్సుకు కొన్ని సెంటీమీటర్ల పైన, పక్కగా ఉండటం వల్ల, కిటికీలో విడివిడిగా కనిపించిన దగ్గరి మాను, దూరపు మాను నెగటివ్ మీద ఒకదాని వెనక ఒకటి దాక్కుని ఒకే మందపాటి గుంజలా వచ్చేస్తాయి. వ్యూఫైండర్‌లోని వెలుగు గీతలు దూరాన్ని బట్టి జరిగి ఫ్రేము అంచులను సరిచేస్తాయి గాని, చూసే చోటును మాత్రం మార్చలేవు. నేను నేర్చుకున్న పద్ధతి ఏమిటంటే, ముందు కెమెరా లేకుండా ఒంటికంటితో చూస్తూ ఖాళీలు కుదిరిన చోటు వెతుకుతాను. తల కదలకుండా ఉంచి, కన్ను ఉన్న చోటికే లెన్సు వచ్చేలా ట్రైపాడ్‌ను జరుపుతాను. ఆ తరవాత కిటికీలోంచి చూసి అంచులు మాత్రం సరిచూసుకుంటాను, ఖాళీల విషయంలో దాని మాట వినను. మొదట్లో పది నిమిషాలు పట్టేది, ఇప్పుడు మూడు నాలుగు నిమిషాల్లో అయిపోతుంది.

తడి ఆకుల మీద తెల్లటి మెరుపును తగ్గించడానికి పోలరైజర్ ఫిల్టరు తప్పనిసరి, కాని రేంజ్‌ఫైండర్‌లో దాని ప్రభావం కనపడదు. 45కూ 90కూ ఫిల్టరు బిగించే మర ఒకటే, 49 మి.మీ. ఒకే ఫిల్టరును కంటి దగ్గర పెట్టుకుని తిప్పుతూ, ఆకుల పచ్చదనం బాగా తేలిన చోట దాని అంచు మీది గుర్తు ఏ వైపు ఉందో చూసుకుని, లెన్సుకు బిగించాక మళ్లీ అదే వైపుకు తిప్పుతాను. మారేడుమిల్లి దగ్గర జలతరంగిణి గెడ్డ పక్కన వాన వెలిసిన అరగంటలో వెదురు గుబురును ఇలాగే తీశాను. ఒక గెడ కణుపు దగ్గర పట్టుకున్న నీటి బొట్టు, దాని కింద పసుపు పచ్చగా మారుతున్న పాత తొడిమ, పక్కన అప్పుడే నేల చీల్చుకుని లేచిన వెదురు కొమ్ము, అన్నీ రంగుల స్లయిడ్ ఫిల్ము మీద ఎంత విడివిడిగా వచ్చాయంటే, భూతద్దం పెట్టుకుని చూస్తూ చాలాసేపు అక్కడే ఉండిపోయాను. ఫుజి రూపొందించిన ఈ లెన్సుల పదును గురించి నాకు ఏ ఫిర్యాదూ లేదు.

45 వాడితే ఫ్రేము రెండు చివరలూ మధ్య భాగం కంటే నల్లబడతాయి. దీన్ని సరిచేయడానికి మధ్యలో ముదురుగా, అంచుల్లో తేటగా ఉండే సెంటర్ ఫిల్టరు ప్రత్యేకంగా దొరుకుతుంది, అది ఒక స్టాపు, అంటే సగం వెలుతురు తినేస్తుంది. నీలాకాశం తీసేవాళ్లకు అది కావాలి. చెట్ల మధ్య అంచులు కొద్దిగా నల్లబడితే కన్ను లోపలికి లాగబడుతుంది గనుక నేను దాన్ని చాలావరకు సంచీలోనే ఉంచుతాను. 90కు ఆ సమస్య దాదాపు లేదు.

కెమెరాలో ఉన్న లైట్ మీటరు నమ్మదగినదే. అయితే నా దగ్గరున్న మొదటి మోడల్‌లో అది ఎంచుకున్న షట్టర్ స్పీడ్ వ్యూఫైండర్‌లో కనిపించదు. 2003లో వచ్చిన రెండో మోడల్‌లో ఈ కొరత తీర్చారు. పొగమంచును మీటరు మామూలు వెలుతురనుకుని బొమ్మను మురికి బూడిదగా చేస్తుంది కాబట్టి ఒక స్టాపు అదనంగా ఇవ్వాలి. దట్టమైన నీడలో ఎఫ్16 దగ్గర సెకన్ల లెక్కలోకి దిగిపోతాం. కెమెరా తనంతట తాను ఎనిమిది సెకన్ల వరకు లెక్కపెడుతుంది, అంతకు మించితే బీ (బల్బ్) మీద పెట్టి షట్టర్‌ను నాలుగున్నర నిమిషాల దాకా తెరిచి ఉంచవచ్చు. అంతసేపు ఫిల్ము కూడా బద్ధకిస్తుంది. ఎఫ్‌పీ4 ప్లస్ అనే నలుపు తెలుపు ఫిల్ము మీద మీటరు పది సెకన్లంటే పద్దెనిమిది ఇవ్వాలి. ఆ లోపల గాలి కదలకూడదు. సూర్యుడు ఎక్కి మంచు కరగడం మొదలయ్యేలోపు, ఏడున్నర దాకా లంబసింగి తోటల్లో మిరియాల ఆకు కూడా కదలని ఘడియలు దొరుకుతాయి. సుమారు వెయ్యి మీటర్ల ఎత్తున ఉన్న ఆ ఊరి చలి నాకు ఈ విషయంలో పెద్ద సాయం చేసింది. డిజిటల్ కెమెరాతో నాలుగైదు బొమ్మలు తీసి అతికించవచ్చు కదా అని మిత్రులు అడుగుతుంటారు. కొమ్మలు కదిలే చోట ఒక బొమ్మలోని ఆకు పక్క బొమ్మలో అదే చోట ఉండదు, దగ్గరి మానులు అతుకు దగ్గర విరుగుతాయి. ఒకే నెగటివ్ మీద ఒకే క్షణం పడటం ఇక్కడ అందం కోసమే కాదు, అవసరం కూడా.

ఈ కెమెరాను నిలువుగా తిప్పి వాడటం గురించి ఎవరూ ఎక్కువగా చెప్పరు. నిలువుగా పెడితే ఒక్క సిల్వర్ ఓక్, దాని మొదట్లో రాలిన ఆకుల నుంచి తీగ చివరి చిగురు దాకా, విప్పిన చేర్యాల పటంలా పై నుంచి కిందికి చదువుకునే బొమ్మ అవుతుంది. కెమెరాను పైకి ఎత్తకుండా బుడగ మట్టం చూసి నిటారుగా ఉంచాలి, లేకపోతే మాను వెనక్కి పడిపోతున్నట్టు వస్తుంది. అడ్డంగా తీసేటప్పుడైనా అంతే: ఇంత పొడుగు ఫ్రేములో ఒక డిగ్రీ వంపు కూడా చివరి మాను దగ్గర కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. పైన ఫ్లాష్ పెట్టే చోట చిన్న బుడగ మట్టం బిగించుకోవడం నా అలవాటు.

రోలు వేయగానే కెమెరా ముందు ఫిల్మంతా బయటికి లాగేసి, ఒక్కో బొమ్మ తీసిన కొద్దీ తిరిగి డబ్బాలోకి చుట్టుకుంటుంది. ఇది వినడానికి చిన్న సంగతే. ఒకసారి తోటలో చీకటి వేళ చేతి తొడుగు తగులుకుని వెనక తలుపు తెరుచుకుంది. అప్పటికి తీసిన పదిహేను ఫ్రేములూ డబ్బాలో భద్రంగా ఉన్నాయి, పోయింది తీయని ఫిల్మే.

అసలు నష్టం ల్యాబులో జరిగింది. పనోరమా అని కవరు మీద పెద్ద అక్షరాలతో రాసి ఇచ్చిన రోలును, ఆరేసి మామూలు ఫ్రేముల లెక్కన కొలిచి కత్తిరించేశారు. ఇంటికి తెచ్చి లైట్ బాక్సు మీద పరిస్తే, ఆ శీతకాలంలో నేను అన్నిటికంటే ఎక్కువ ఆశ పెట్టుకున్న ఫ్రేము, ఏడు మానుల వరస, నాలుగో మాను మీద నిలువునా రెండు ముక్కలై ఉంది. కత్తి మిరియాల తీగ గుండా వెళ్లింది, తీగ ఆకుల్లో సగం ఈ ముక్కలో, సగం ఆ ముక్కలో. ఆ రెండు ముక్కలనూ ఇప్పటికీ ఒకే తొడుగులో పక్కపక్కన పెట్టి ఉంచాను. అప్పటి నుంచి రంగుల రోళ్లను కత్తిరించకుండా చుట్టగానే ఇమ్మని ఎదురుగా నిలబడి చెప్పి, ఇంట్లో మూడేసి ఫ్రేముల చొప్పున నేనే కత్తిరించుకుంటున్నాను. నలుపు తెలుపు రోళ్లను ఇంట్లోనే కడుగుతాను. హెచ్‌పీ5 ఫిల్ముకు డీ-76 డెవలపర్‌ను సగం నీళ్లతో కలిపి 20 డిగ్రీల దగ్గర 11 నిమిషాలు పడుతుంది. వేసవిలో మా ఇంటి కుళాయి నీళ్లు ఎప్పుడూ అంత చల్లగా ఉండవు గనుక ఐసు ముక్కల సంచీలో సీసాలు నిలబెట్టాల్సి వస్తుంది. స్కానింగులోనూ ఇలాంటి తిప్పలే ఉన్నాయి: ల్యాబుల యంత్రాలు చాలావరకు 36 మి.మీ. ఫ్రేముకే అలవాటుపడ్డాయి. ఫ్లాట్‌బెడ్ స్కానరు కొనుక్కోవడమో, డిజిటల్ కెమెరాతో రెండు భాగాలుగా తీసి కలుపుకోవడమో చేయక తప్పదు.

కొనే ముందు ఆలోచించవలసిన పెద్ద విషయం మరమ్మతు. ఎక్స్‌పాన్ లోపలంతా ఎలక్ట్రానిక్స్, రెండు సీఆర్2 బ్యాటరీలు లేకుండా షట్టర్ కూడా పడదు. సీసం వాడకం మీద యూరప్ పెట్టిన నిబంధనల నేపథ్యంలో 2006లో దీని ఉత్పత్తి ఆగిపోయింది. సర్క్యూట్ పోతే బాగుచేయడం చాలా కష్టం, విడిభాగాలు దొరకడం ఇంకా కష్టం. ధర మాత్రం తగ్గకపోగా లక్షల్లోకి చేరింది. ఇంత డబ్బు ఎప్పుడైనా ఆగిపోగల యంత్రంలో పెట్టగలనా అన్న ప్రశ్నకు ఎవరికి వారే జవాబు చెప్పుకోవాలి. నేను పెట్టాను, విచారించడం లేదు. ఆకారమే ముఖ్యం, ఫిల్ము కాదు అనుకునేవారికి ఫుజీఫిల్మ్ జీఎఫ్ఎక్స్ డిజిటల్ కెమెరాల్లో 65:24 ఫ్రేము లోపలే ఉంది, లెన్సులోంచి చూస్తాం కాబట్టి మానుల మధ్య ఖాళీలూ ఉన్నదున్నట్టు కనిపిస్తాయి. హొరైజన్, వైడ్‌లక్స్ లాంటి తిరిగే లెన్సు కెమెరాలు చవక గాని, కెమెరా కాస్త వంగితే మానులు విల్లులా వంగుతాయి, చెట్ల కోసం వాటిని నేను సూచించను. 6 × 17 సెం.మీ. ఫ్రేము కెమెరాల నెగటివ్ చూస్తే కళ్లు చెదురుతాయి, కాని వాటిలో వేసే వెడల్పాటి 120 రోలుకు నాలుగే ఫ్రేములు, పైగా ఆ బరువు భుజాన వేసుకుని గెడ్డలు దాటాలి.

పాతది కొనేటప్పుడు పైన రంగు పెచ్చులూడిందని భయపడనక్కరలేదు, ఈ మోడల్‌కు అది సహజం. చూడవలసినవి వేరు. పనోరమాకూ మామూలు ఫ్రేముకూ మధ్య చక్రం తిప్పినప్పుడు వ్యూఫైండర్‌లో గీతలు వెంటనే మారుతున్నాయా, వెనక చిన్న తెర మీద అంకెలు చెరగకుండా కనిపిస్తున్నాయా, దూరపు స్తంభం మీద రెండు బొమ్మలూ కలిసినప్పుడు లెన్సు అనంతం గుర్తు దగ్గరే ఉందా చూడండి. వీలైతే ఒక రోలు తీసి, కత్తిరించకుండా కడిగించి, ఫ్రేముల మధ్య ఖాళీలు చివరి దాకా సమానంగా ఉన్నాయో లేదో చూసిన తరవాతే డబ్బు ఇవ్వండి.